వేషం కట్టినవాడు, ముద్ర పడినవాడు

*దయ్యం వేషం కట్టిన పాటగాడిని చూసి తల్లిదండ్రులు జడుసుకున్నారు. ప్రభుత్వాలు జడుసుకున్నది మాత్రం వేరేవాళ్లను చూసి. బర్మింగ్‌హామ్ నుంచి కుందూ గట్టు దాకా ఒక ఆరా.*

2025 జులై 5. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం, ఆస్టన్ పేటలోని విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానం. నలభై వేలకు పైగా జనం అరుస్తుండగా వేదిక అడుగు నుంచి ఒక నల్ల సింహాసనం మెల్లగా పైకి లేచింది. దాని నెత్తిన గబ్బిలం బొమ్మ. అందులో కూర్చున్నాయనకు 76 ఏళ్లు. కళ్లచుట్టూ దట్టంగా కాటుక, ఒంటిమీద నల్ల కోటు, చేతులనిండా పచ్చబొట్లు. పార్కిన్సన్ జబ్బు కాళ్లను కట్టేసింది కాబట్టి నిలబడలేడు, కూర్చునే పాడాడు. జనంలో గడ్డాలు నెరిసిన మగవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్ల పక్కన అదే నల్ల టీషర్టు తొడుక్కున్న పిల్లలు.

హెవీ మెటల్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్‌కు అదే ఆఖరి కచేరీ. పుట్టి పెరిగిన పేటలోనే సెలవు తీసుకుని, పదిహేడు రోజులకు, జులై 22న కన్నుమూశాడు. ఆ వారమంతా లోకం ఒక ముసలాయన మంచితనాన్ని తలచుకుంది. నలభై ఏళ్ల కిందట ఇదే మనిషి పేరు చెబితే అమెరికాలో తల్లులు పిల్లల గదులు సోదా చేసేవాళ్లంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. 1982 జనవరి 20న డి మోయిన్ అనే ఊళ్లో కచేరీ నడుస్తుండగా ఎవరో గబ్బిలాన్ని వేదికమీదికి విసిరారు. రబ్బరు బొమ్మ అనుకుని కొరికేశాడు. తర్వాత రేబిస్ సూదులు పొడిపించుకోక తప్పలేదు. ఎన్ని పాటలు పాడినా, ఆ ఒక్క కొరుకుడే ఆయన ఇంటిపేరైపోయింది.

ఈ కథను కడప జిల్లాలోని రాజుపాలెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపువాళ్లు వింతగా చూడాల్సిన పనిలేదు. భయంకరమైన వేషం కట్టి గొంతు చించుకుని పాడేవాడి కోసం తెల్లవార్లూ నేలమీద కూర్చున్న అలవాటు ఈ గడ్డకు తరాలుగా ఉంది. అంతకన్నా ముఖ్యం, చెడ్డపేరును కోరి తొడుక్కునేదెవరు, అది బలవంతాన నెత్తిన పడేది ఎవరికి అన్న తేడా ఈ సీమకు తెలిసినంతగా బర్మింగ్‌హామ్‌కు తెలీదు. వేషం కట్టినవాడు వేరు, ముద్ర పడినవాడు వేరు. ఆజీ పాడిన హెవీ మెటల్ అనే హోరు సంగీతం చుట్టూ యాభై ఏళ్లుగా నడిచిన గొడవలో చాలా భాగం ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం వల్ల పుట్టిందే.

కోడి కూసేదాకా దుర్మార్గుడి రాజ్యం

పులివెందుల నియోజకవర్గంలో చక్రాయపేట మండలం ఉంది. అక్కడి సొరుగు అనే పల్లెలో 1885లో తోలుబొమ్మలాడించే వనారస వంశంవారు బొమ్మల్ని పక్కనబెట్టి తామే ముఖాలకు రంగు పూసుకుని తెరముందుకు వచ్చారు. సురభి నాటకాలకు అదే పుట్టుక. వాళ్లు ఎంచుకున్న మొదటి ఆట రాముడిదీ కాదు, కృష్ణుడిదీ కాదు. ‘కీచక వధ’. ఒక కామాంధుడు కొలువంతా తన గుప్పిట్లో ఉందని మీసం తిప్పి, చివరికి భీముడి చేతిలో నలిగి చచ్చే కథ. అందులో ఆశ్చర్యమేమీ లేదు. మన నాటకంలో మంచివాడికి మర్యాద దక్కుతుంది, చెడ్డవాడికి చప్పట్లు దక్కుతాయి. పెద్ద కిరీటం, బరువైన గద, ఉరుము లాంటి రాక, హార్మోనియం మీద సాగదీయడానికి వీలైన పద్యం అన్నీ దుర్యోధనుడివే. ‘నర్తనశాల’లో కీచకుడిగా ఎస్వీ రంగారావు 1964లో జకార్తా చిత్రోత్సవంలో బహుమతి తెచ్చుకున్నారు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీ రామారావు కృష్ణుడు, కర్ణుడితోపాటు దుర్యోధనుడి వేషమూ వేశారు. ఆ సినిమా పేరెత్తితే ఈరోజుకీ జనానికి ముందు గుర్తొచ్చేది మూడో ఆయనే.

ఎందుకిలా? చూసేవాడు ఇంట్లో, పొలంలో, కొలువులో చేయలేని పనులన్నీ వేదికమీద దుర్మార్గుడు చేస్తాడు కనుక. పెద్దల్ని ఎదిరిస్తాడు, గురువుకు ఎదురు చెబుతాడు, దేవుడు స్తంభంలో ఉన్నాడా అని నిలదీస్తాడు. రాత్రంతా ఏలి, కోడి కూసే వేళకు చస్తాడు. చూడ్డానికొచ్చినవాళ్లకూ ఆడేవాళ్లకూ మధ్య ఉన్న కరారు ఇది. తెల్లవారాక ఎవరి పొలానికి వాళ్లు వెళ్తారు. హిరణ్యకశిపుడి వేషగాడు ముఖం కడుక్కుని టీ తాగుతాడు. ఆయన్ని చూసి పిల్లలు దేవుణ్ణి తిట్టడం నేర్చుకున్నారని ఏ ఊళ్లోనూ పంచాయితీ పెట్టలేదు.

ఇప్పుడు అమెరికా రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ సంగతి చూడండి. మతబోధకుడి కొడుకు. 1970ల మొదట్లో ఆడపేరు పెట్టుకుని, కళ్లకింద నల్లచారలు గీసుకుని, మెడలో కొండచిలువ వేసుకుని పాడితే అమెరికా నోరు నొక్కుకుంది. ఆ ఆట చివర ఏం జరుగుతుంది? ఇన్ని పాపాలు చేసిన ఆ పాత్రను వేదికమీదే తల నరికే యంత్రానికి కట్టి శిక్షిస్తారు. 1973లో ఆ యంత్రం పక్కన తలారి వేషంలో నిలబడింది జేమ్స్ రాండీ, బాబాల మహిమల గుట్టు విప్పి తర్వాత లోకమంతా పేరు తెచ్చుకున్న ఇంద్రజాలికుడు. దొంగ మహిమల్ని సహించని మనిషి రబ్బరు తల నరకడానికి ఒప్పుకున్నాడంటే, అది ఆట అని అందరికీ తెలుసన్నమాట. కీచకుడికి భీముడు, కూపర్‌కు తలారి. కరారు మాత్రం అదే.

> సొరుగు నుంచి…
> సొరుగు పల్లె పేరే సురభిగా మారి, నాటక సమాజానికి ఇంటిపేరైంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో సురభి కుటుంబాల స్త్రీలు వేదికెక్కారు. తీగల మీద తేలే ఘటోత్కచుడు, ఎదురెదురుగా దూసుకొచ్చే అస్త్రాలు, ఉన్నట్టుండి లేచే మంటలు వీళ్ల ప్రత్యేకత. నిప్పు, పొగ, గాల్లో ఎగిరే మనుషులు లేనిదే రాక్ ప్రదర్శన లేదని కిస్ బృందం 1970లలో చాటుకుంది. ఆ కిటుకులు సురభి డేరాకింద అప్పటికి చాలా పాతవి. సురభి నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది.

రేకుల ఫ్యాక్టరీలో తెగిన వేళ్లు

వేషం పక్కనబెట్టి చప్పుడు దగ్గరికి వస్తే, హెవీ మెటల్ పుట్టుకలో సైతాను కన్నా కూలిపని ఎక్కువ కనిపిస్తుంది. టోనీ అయోమీ పదిహేడేళ్లకు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే రోజునే యంత్రం కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెంపేసింది. ఎడమచేతివాటం గిటారిస్టుకు తీగలు నొక్కేది ఆ చెయ్యే. ఖాళీ సబ్బుద్రావకం సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గడానికి తీగల బిగువు సడలించాడు. బిగువు సడలితే శ్రుతి దిగుతుంది, నాదం బరువెక్కుతుంది. ఇవాళ లోకమంతా ‘హెవీ’ అంటున్న ఆ బరువులో ఒక కార్మికుడి గాయం ఉంది. ఆజీ కూడా పాటకు ముందు కబేళాలో పనిచేసినవాడే. వీళ్లిద్దరూ ఉన్న నలుగురి బృందం బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. శుక్రవారం, పదమూడో తేదీ. ఇంగ్లిషువాళ్ల లెక్కలో అపశకునం. పేరేమో ఒక దయ్యాల సినిమాది. జనం దయ్యాన్ని చూశారు గానీ, అదే ఏడాది వాళ్లు పాడిన ‘వార్ పిగ్స్’ను సరిగా వినలేదు. అందులో మంత్రగత్తెలున్నారు, నిజమే. కానీ వాళ్లతో పోల్చింది పేదపిల్లల్ని యుద్ధానికి పంపి తాము ఇంట్లో కూర్చునే సేనాపతుల్ని, నాయకుల్ని.

రౌద్రానికి చప్పుడు కావాలన్న సంగతి ప్రొద్దుటూరుకు కొత్తగా చెప్పక్కరలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ అల్లింది ఆ ఊరి అగస్త్యేశ్వరస్వామి గుడిలోనే. అర్థం తెలియని పిల్లవాడి కాలు కూడా ఆ లయకు కదులుతుంది. భీకరంగా ఉన్నదంతా చెడ్డది కాదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం వెతకనవసరం లేదు.

బోనెక్కిన పాట

అయినా 1985 సెప్టెంబరు 19న అమెరికా సెనేట్ ఈ పాటల మీద విచారణ పెట్టింది. వాషింగ్టన్ పెద్దల భార్యలు కొందరు కూడి పెట్టిన సంఘం, పిల్లలు చెడిపోతున్నారని మొరపెట్టుకుంది. ట్విస్టెడ్ సిస్టర్ బృందం గాయకుడు డీ స్నైడర్ రంగులేమీ పూసుకోకుండా, జీన్స్ జాకెట్‌లో, జేబులోంచి మడత కాగితం తీసి జవాబు చదివాడు. తాను క్రైస్తవుణ్ణనీ, తాగననీ, పొగ ముట్టననీ చెప్పాడు. హింసాత్మకమైన కామమని వాళ్లు ఎత్తిచూపిన పాట, నిజానికి తమ గిటారిస్టు గొంతు ఆపరేషన్‌కు ముందు పడ్డ భయం గురించి రాసిందని వివరించాడు. ఎవరి మనసులో ఏముంటే పాటలో అదే వినిపిస్తుందన్నది ఆయన వాదన. విచారణ తర్వాత ఆల్బమ్‌ల మీద హెచ్చరిక స్టిక్కర్లు వచ్చాయి. పదహారేళ్ల కుర్రాడికి ‘నువ్వు వినకూడదు’ అని రాసివున్న డబ్బాను మించిన ప్రకటన ఏముంటుంది!

అయిదేళ్లకు ఇంకా బరువైన కేసు. అంతకు కొన్నేళ్ల ముందు నెవాడాలో ఇద్దరు యువకులు తుపాకీతో ప్రాణం తీసుకోబోయారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు, రెండోవాడు ఛిద్రమైన ముఖంతో మూడేళ్లు బతికి పోయాడు. జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బృందం పాటలో దాచిన రహస్య ఆజ్ఞే దీనికి కారణమని కుటుంబాలు దావా వేశాయి. 1990లో రీనో కోర్టు వారాల తరబడి పాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి విని, బృందం తప్పేమీ లేదని తేల్చింది. ఆ విచారణలో బయటపడిన వాటిలో తాగుడు, మత్తుమందులు, ఇంట్లో దెబ్బలు, సగంలో ఆగిన చదువు ఉన్నాయి. బిడ్డ పోయిన తల్లి ఒక కారణం కోసం వెతుక్కోవడాన్ని తప్పుపట్టలేం. అయితే కాటుక పెట్టుకున్న పాటగాడు దొరికినంత సులువుగా ఆ మిగతావి బోనులోకి రావు.

సర్కారుకు వణుకు పుట్టేది ఎప్పుడు?

ఇంత గొడవ జరిగినా అమెరికా ప్రభుత్వం ఈ పాటల్ని నిషేధించలేదు. స్టిక్కరు దగ్గరే ఆగింది. కొమ్ములు పెట్టుకున్నవాడి వల్ల తనకేమీ కాదని ప్రభుత్వాలకు లోలోపల తెలుసు. మరి ఎప్పుడు భయపడతాయి? మళ్లీ కీచకుడి దగ్గరికే వెళ్దాం. సొరుగులో కీచకుడు చచ్చిన ఇరవై రెండేళ్లకు, 1907లో మహారాష్ట్రలో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ అదే కథను నాటకంగా రాశాడు. ఖాడిల్కర్ తిలక్ శిష్యుడు. ఆయన కీచకుడు చూసేవాళ్లకు లార్డ్ కర్జన్‌లా కనిపించాడు, ద్రౌపది భారతదేశంలా, ఓర్చుకోమనే ధర్మరాజు మితవాదుల్లా, తెగించే భీముడు అతివాదుల్లా. 1910లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. కథ అదే, కిరీటం అదే, చావూ అదే. జనం కీచకుణ్ణి గుర్తుపట్టారు, అంతే తేడా.

మన దగ్గరా అంతే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకంలో రాక్షసులెవరూ లేరు. తెలంగాణ పల్లెలో దొర, రైతు, రజాకారు ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ప్రజానాట్యమండలి నాజర్ నోట బుర్రకథ చూడండి. తలపాగా, నిలువు అంగీ, కాళ్లకు గజ్జెలు, చేతిలో తంబుర, వేలికి అందె. ఇంతకన్నా పసందైన రంగస్థల వేషం ఏముంది! కథకుడికి అటొకరు ఇటొకరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, రెండో ఆయన చెప్పేదాన్ని కళాకారులే ‘రాజకీయం’ అంటారు. పోలీసులు వచ్చేది ఆ రెండో ఆయన కోసం. తర్వాతి కాలంలో గోచీ, గొంగడి, గజ్జెలతో ఆడిన గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి. అప్పటి తూటా ఒకటి 2023లో ఆయన పోయేదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆజీ జీవితమంతా చెడ్డపేరుతో బతికి సింహాసనం మీద వీడ్కోలు తీసుకున్నాడు. అసలు ధిక్కారానికి దక్కే వీడ్కోలు అలా ఉండదు.

> నల్ల చొక్కా నేరమైన చోట
> 1997లో ఈజిప్టులో సైతాను పూజ చేస్తున్నారంటూ వందమంది దాకా మెటల్ అభిమానుల్ని రాత్రికి రాత్రి ఇళ్లలోంచి పట్టుకెళ్లారు. 2003లో మొరాకోలో 14 మందికి జైలుశిక్ష పడింది. కోర్టులో చూపిన సాక్ష్యాల్లో నల్ల టీషర్టు ఒకటి. ఇరాన్‌లో కన్ఫెస్ బృందం సభ్యులు 2015లో దైవదూషణ కేసులో అరెస్టయి, చివరికి నార్వేలో తలదాచుకున్నారు. మన దేశంలో 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ పాడింది. పులివెందుల నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు.

కాదనేవాళ్ల మాట

నార్వే సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. 1990ల మొదట్లో అక్కడ బ్లాక్ మెటల్ కుర్రాళ్లు శవాల్లా ముఖాలకు తెల్లరంగు పూసుకోవడంతో ఆగలేదు. 1992 నుంచి వందల ఏళ్ల నాటి కొయ్య చర్చిలు తగలబడ్డాయి. 1993లో ఒక సంగీతకారుడు ఇంకొకణ్ణి పొడిచి చంపి, మరుసటేడు 21 ఏళ్ల శిక్ష వేయించుకున్నాడు. ఇది కరారు తెగిన చోటు. ‘మాది వేషం కాదు, నిజం’ అన్న క్షణాన వాళ్లు నాటకం విడిచి నేరంలోకి నడిచారు. వాళ్ల దృష్టిలో కూపర్, కిస్‌లాంటివాళ్లు వట్టి డూపు. నా మటుకు నాకు ఆ డూపే నాగరికత. దుశ్శాసనుడి వేషగాడు నిజంగా చీర లాగితే అది నటన కాదు, స్టేషనులో కేసు.

ఇదంతా డబ్బు కోసమే కదా అన్నది ఇంకో మాట. కాదనేదేముంది! కిస్ బృందం తన బొమ్మతో శవపేటికలు కూడా అమ్ముకుంది. మన పద్యనాటకంలో మాత్రం వన్స్ మోర్ ఉచితమా? చదివింపులు మైకులో వినిపిస్తుంటే, నోటు అందిన చోట రాగం ఇంకో రెండు మెలికలు తిరిగేది. ఈ రాగాల సాగదీతను మన పక్క తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ ఆనాడే ఈసడించారు. జనం వినలేదు. చెడ్డపేరుకు గిరాకీ ఉన్నంతకాలం దాన్ని ఆడేవాడు ఉంటాడు.

గట్టి అభ్యంతరం మూడోది. గుర్తుపట్టడమే అసలు సంగతైతే, గుర్తుపట్టబడినవాడు ఎప్పుడూ దొరో, దొరతనమో అయి ఉండాలని రూలేమీ లేదు. కాళ్లకూరి నారాయణరావు వందేళ్ల కిందట రాసిన ‘చింతామణి’ వేశ్యావ్యామోహం మీద సంస్కరణ నాటకం. అందులో వైశ్యుడైన సుబ్బిశెట్టి పాత్రను తర్వాతి నటులు అసలు రచనను దాటించి వెకిలిగా పెంచుకుంటూ పోయారు. ఆర్యవైశ్యులు తమను గేలి చేస్తున్నారని ఏళ్లతరబడి మొత్తుకున్నాక, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. వైశ్యుల వ్యాపారమే ఊపిరిగా ఉన్న ప్రొద్దుటూరులో ఆ బాధ అబద్ధమని అనలేం. అటు ఆ వేషమే తిండి పెట్టే నటుల గోడూ నిజమే. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. కాకపోతే ఒకటి గమనించాలి. సుబ్బిశెట్టి ముఖానికి పూసుకున్నది నటుడి చెడ్డపేరు కాదు, ఎదుటివాళ్లది. ఆజీ తన ముఖానికే కాటుక పెట్టుకున్నాడు.

అడగకుండా తొడిగిన వేషం

ఎదుటివాళ్ల ముఖానికి రంగు పూయడం అనే విద్యలో తెలుగు సినిమాను మించినవాళ్లు లేరు. 1999 సంక్రాంతికి సీమ కక్షల కథతో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. తర్వాత ‘నరసింహనాయుడు’, ‘ఆది’, ‘ఇంద్ర’ వరస కట్టాయి. గాల్లోకి లేచే సుమోలు, తొడ చరుపులు, వేటకొడవళ్లు. కక్షలు ఇక్కడ లేవని కాదు. ఉన్నాయి, ఇళ్లు కూల్చాయి, ఆడవాళ్లకు బొట్టు చెరిపాయి. ఆ నొప్పిని తీసుకుని సినిమా ఒక దుస్తుగా కుట్టింది. హెవీ మెటల్ గాయకుడు తన దుస్తును తానే తొడుక్కుని, తానే విప్పి, లాభం తానే తీసుకుంటాడు. ఇక్కడ కుట్టినవాళ్లు హైదరాబాదులో ఉన్నారు, విప్పుకోలేనివాళ్లు పులివెందుల, జమ్మలమడుగుల్లో ఉన్నారు. హైదరాబాదులో అద్దె ఇల్లు అడిగితే, ‘కడపా?’ అని యజమాని ఒక క్షణం ఆగే ఆ ఆగడం దాని ఖరీదు. అదే జిల్లా నుంచి కేతు విశ్వనాథరెడ్డి, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన కథల్లో ఎండిన బోర్లు, అప్పులు, అమ్ముడుపోయిన ఎద్దులు ఉన్నాయి. వాటికి స్టంటు మాస్టరు అక్కర్లేదు కాబట్టి తెరమీదికి రాలేదు.

అడగని ముద్ర పడడం ఈ సీమకు సినిమాతో మొదలైంది కాదు. కుందూ నది కోవెలకుంట్ల వైపు నుంచి వచ్చి రాజుపాలెం మండలంలో వెల్లాల గుడి పక్కన పారి పెన్నలో కలుస్తుంది. ఆ ఎగువ ఊళ్లలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఈస్టిండియా కంపెనీ ఆయనకు ఇస్తూవచ్చిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కుంఫిణీ లెక్కలో ఆయన రాజద్రోహి, హంతకుడు, దోపిడీదారు. జనం లెక్క వేరు. ఊరూరా పాటలు కట్టి పాడుకున్నారు. అక్టోబరులో పట్టుకుని, 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. అంతటితో తెర దించలేదు. తల కోసి కోవెలకుంట్ల కోటలో అందరికీ కనబడేలా వేలాడదీశారు. ఆలిస్ కూపర్ తల ఆట అయిపోగానే పెట్టెలోకి వెళ్తుంది. నరసింహారెడ్డి తల ముప్ఫై ఏళ్లు వేలాడింది.

1877 దాకా అది అక్కడే ఉందని చెబుతారు. అంతకు ముందటేడు డిసెంబరులోనే, నాటకాలు జనాన్ని రెచ్చగొడుతున్నాయని సర్కారు ఒక చట్టం చేసింది. ఖాడిల్కర్ కీచకుణ్ణి ఆపింది ఆ చట్టంతోనే.